పిట్టకు పేరిచ్చిన ఊరు

సారు పోయారన్న కబురు నాకు మధ్యాహ్నం అన్నాల వేళకు గానీ తెలియలేదు. నేను పనిచేసేది భివండీ పక్కనున్న పూర్ణలో ఒక గోదాములో. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర డబ్బాలో పెట్టి పోవాలి. తిందామని బయటికొచ్చి ఫోన్ తీసుకుంటే వరసగా మా అవ్వ మిస్డ్ కాల్స్. తిరిగి చేశాను. వెనక సాంచెల మోత. ముంబయి దగ్గరి ఈ భివండీలో మేం పవర్‌లూమ్‌లను సాంచెలనే అంటాం. ఆ మోతలో మా అవ్వ ఎప్పటిలాగే గొంతు చించుకుని చెప్పింది.

"సారు పోయిండు బిడ్డా! పొద్దుగాలనే పోయిండు. ఊరికి తోలెటందుకు బండి గూడ వచ్చింది. జల్ది రా!"

నన్ను కంగారు పెట్టింది చావు కబురు కాదు, బండి కబురు. చావు తెలిసిందే, ఏడాది నుంచీ గుమ్మంలో కూర్చునుంది. కానీ సారును తెలంగాణలో ఆయన పుట్టిన ఊరికి తీసుకుపోకూడదు. ఆ సంగతి నాకు తెలుసు, పెద్దమ్మకు తెలుసు, గల్లీలో మూడో మనిషికి తెలియదు. పెద్దమ్మంటే సారు భార్య. మాకు చుట్టరికమేమీ లేదు. భివండీ కనేరిలో ఒకే చాల్‌లో వాళ్ల ఒంటిగది ఖోలీ, మా ఖోలీ గోడకు గోడ. అంతకంటే చుట్టరికం ఇంకేం కావాలి? సగం తెరిచిన డబ్బా మూసేసి, సూపర్‌వైజర్ ఏమంటున్నాడో కూడా వినకుండా రిక్షా ఎక్కాను.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలంటే ముందు సారు ఎట్లాంటి మనిషో చెప్పాలి. అంతదాకా కాస్త ఓపిక పట్టండి.

ఆయన మా తెలుగు బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. బడి గోడకు ఆనుకునే కార్ఖానా. సాంచెలు నడుస్తుంటే పక్క బెంచీవాడి మాట కూడా వినపడదు. అందుకే మా భివండీ పిల్లలకు పాలతోపాటే గొంతు కూడా పెరుగుతుంది. ఇప్పటికీ నేను ఫోన్లో మాట్లాడితే గోదాములో అందరూ తలతిప్పి చూస్తారు, చూడనీ. సారు గొంతు మాత్రం సన్నం. అరవడం ఆయనకు రాదు, వచ్చినా అరవరు. స్పెల్లింగులూ గ్రామరూ బోర్డు మీద రాసి కానిచ్చేసేవారు. నోటితో చెప్పాలనిపించినవి మాత్రం దాచి ఉంచేవారు, కరెంటు పోయేదాకా.

కరెంటు పోతే సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. కాసేపు చెవులు గుయ్యిమంటాయి. సారు సుద్దముక్కను రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, బల్ల అంచు మీద కూర్చుని, "ఆఁ, ఇప్పుడు చెప్త" అనేవారు. కరెంటు పోతే మా బాపులకు ఆ పూట పని పోయినట్టే. ఇంట్లో పెద్దవాళ్లు కరెంటోళ్లను తిట్టిపోస్తుంటే మేం బళ్లో కూర్చుని కరెంటు పోవాలని మొక్కేవాళ్లం. అంత దుర్మార్గపు సంత మాది.

ఆయన చెప్పేవి మాటల ఊళ్లు. భివండీలో మనవాళ్లు ఇద్దరు కొత్తగా కలిస్తే పేరు అడగరు, "మీదే ఊరు?" అంటారు. అది తేలాకే తక్కిన ముచ్చట. సారు ఇంగ్లీషు మాటల్ని కూడా అట్లాగే నిలదీసేవారు. "మాటను బట్టీ పట్టకున్రి. ముందుగాల దాన్ని ఊరడుగున్రి" అనేవారు. కాలికో అనే బట్ట కోళికోడుదని, డంగరీ అనే ముతకబట్ట మన ముంబయి డోంగ్రీదని ఆయన చెప్పగానే తెలిసింది. డోంగ్రీ అంటే మా మేనమామ పనిచేసే చోటు. అది ఇంగ్లీషు డిక్షనరీలోకి ఎక్కి కూర్చుందంటే మాకు నవ్వాగలేదు.

ఒకరోజు అట్లాగే కరెంటు పోయింది. సారు లేచి బోర్డు మీద పెద్దక్షరాల్లో ఒక మాట రాశారు. అవడవత్. "ఇది ఇంగ్లీషుల ఒక పిట్ట పేరు. దీని ఊరేదో చెప్పున్రి" అన్నారు.

ఒకడు లండన్ అన్నాడు. ఒకతి ఆఫ్రికా అంది. వెనక బెంచీ నుంచి ఇంకొకడు లేచి, "సార్, మా ఊరి పక్క తండల ఇంటిపేర్లు గిట్లనే ఉంటయి" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. "నువ్వు జెర దగ్గరికొచ్చినవ్. ఇంగ్లీషోల్లది కాదని పట్టినవ్ గదా" అన్నారు. ఆ మాట కింద అమదావత్ అని రాశారు. దాని కింద అహ్మదాబాద్ అని రాశారు. మూడూ ఒకటేనన్నారు. కిందిది ఓడవాళ్ల నోళ్లలో పడి అరిగి అరిగి పైదైందట.

పిట్ట చూస్తే చిటికెడు. మగది వానాకాలంలో ఎర్రగా, ఒళ్లంతా తెల్లచుక్కలతో ఉంటుంది. హిందీవాళ్లు లాల్ మునియా అంటారు. మన దేశమంతటా గడ్డి ఉన్నచోటల్లా ఉంటుంది, అహ్మదాబాదులోనే పుట్టాలని దానికేమీ రాసిపెట్టలేదు. కాకపోతే ఒకప్పుడు వాటిని వలలు వేసి పట్టి, పంజరాల్లో కుక్కి ఆ పట్నం నుంచే ఓడలకు పంపేవారట. కొన్న తెల్లవాళ్లు ఇదెక్కడిదని అడిగితే, అమ్మినచోటి పేరు చెప్పారు. ఆ పేరే దానికి అంటుకుపోయింది. పుట్టిన పొద ఏదో, గూడు ఏదో ఎవరికీ పట్టలేదు. చివరికి శాస్త్రంవాళ్లు పెట్టిన లాటిన్ పేరులో కూడా ఆ పట్నమే కూర్చుంది.

"పట్టుకచ్చి అమ్మిన జాగ దాని పేరయింది. గంత అన్యాలం ఇంకోటుంటదా?" అన్నారు సారు. అంత సన్నని గొంతులోనూ కోపం వినిపించింది.

నేనూరుకోలేదు. "మరి మన భీమండి పేరు దేనికన్న పడ్డదా సార్?" అని అడిగాను. భివండీని మావాళ్లు భీమండి అంటారు.

"బట్టకు పడలే. పిట్టకు పడలే" అన్నారు. "ఎండకాలం సెలవుల్లకు ఊరికి పోతే మిమ్ముల ఏమని పిలుస్తరు?"

"భీమండోల్లు!" అని క్లాసంతా ఒక్కసారే అరిచాం.

"గిప్పుడు తెలిసిందా దేనికి పడ్డదో?" అన్నారు సారు. అప్పుడే కరెంటొచ్చింది, సాంచెలు మొదలయ్యాయి, ఆయన సుద్దముక్క బయటికి తీశారు. ఆ మర్నాటి నుంచీ ఆయన పేరు అవడవత్ సారు. ఆయనకు తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు.

పోయినవాళ్లను దేవుళ్లను చేయడం నాకు చేతకాదు. సారుకు పొగరుండేది. బాగా రాసినా బాగుందనేవారు కాదు, "ఊఁ" అనేవారు. కొన్ని మాటల ఊళ్లు సొంతంగా అల్లి చెప్పారని ఇప్పుడు ఫోన్లో వెతికితే తెలుస్తోంది. అప్పట్లో ఎవరైనా మొహం మీదే అడిగితే, "డిక్షనరీ రాసినోడు భీమండికొచ్చి సూసిండా?" అని ఎదురు తిరిగేవారు. అవడవత్ సంగతి మాత్రం పక్కా, ఎక్కడ వెతికినా అదే ఉంది. ఇంకో పట్టింపు కూడా ఉండేది. "ఊరికెప్పుడు పోతరు సార్?" అని ఎవరైనా మర్యాదకు అడిగితే చాలు, మొహం ముడుచుకుని, "వచ్చింది ఊరికే గదా, ఇంక యాడికి పోవాలె?" అనేవారు. అడిగినవాళ్లు బిత్తరపోయేవారు. మా గల్లీలో అందరం ఊరి పేరు చెప్పుకుని బతికేవాళ్లమే. ఈయనకు ఆ పేరంటే ఎందుకంత గిట్టదో అంతుపట్టేది కాదు.

ఒక వానాకాలం మమ్మల్ని ఆ పిట్టను చూపించడానికి పూర్ణ వైపు నడిపించుకుపోయారు. అప్పుడక్కడ గోదాములు లేవు. బురద, తుంగ, మనిషెత్తు గడ్డి. చెప్పులు బురదలో ఇరుక్కుని మేం ఏడుస్తుంటే ఆయన వేలెత్తి చూపించారు. గడ్డిపోచ మీద బొటనవేలంత ఎర్రది ఊగుతోంది. ఇంత చిన్నదానికా ఇంత కథ అని మేం పెదవి విరిచాం. సారు మమ్మల్ని అక్కడే ఉండమని, కొంచెం ముందుకుపోయి, రాళ్లు కుప్పగా ఉన్నచోట మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఒంటికి పోసుకోవడానికి పోయారనుకుని మేం కిసుక్కున నవ్వుకున్నాం. ఆయన తిరిగొచ్చి, పోదాం పదండని ముందు నడిచారు.

సారు రిటైరయ్యాక ఊపిరి ఆడని జబ్బు పట్టింది. జీవితంలో సాంచె ముట్టని మనిషి, కానీ సాంచెల నడుమ బతికితే చాలు, దూది లోపలికి దారి వెతుక్కుంటుంది. ఖోలీలో మంచం పక్కన గాలి అందించే మిషను పెట్టారు. అది కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోయిందంటే పెద్దమ్మ విసనకర్ర అందుకునేది, నేనో మా అవ్వో సిలిండర్ కోసం పరిగెత్తేవాళ్లం. ఒకప్పుడు ఏ కరెంటు పోవాలని మొక్కామో, అది పోకూడదని మొక్కే రోజులొచ్చాయి. 

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడ ఉండగానే కరెంటు పోయింది. మిషను ఆగింది, కింద సాంచెలు ఆగాయి. గదిలో సారు ఊపిరి చప్పుడొక్కటే మిగిలింది. నేను సిలిండర్ తిప్పుతుంటే ఆయన చెయ్యెత్తి, "ఆఁ, ఇప్పుడు చెప్త" అన్నారు.

"మీరు మాట్లాడకున్రి సార్! సచ్చిపోతరు!" అని అరిచాను. అట్లా అనేశాను, ఏం చేయను, నా నోరట్లాంటిది.

ఆయన నవ్వబోయి దగ్గారు. దగ్గు తెరిపిచ్చాక ఒక్కో మాటా విడదీసి చెప్పారు. "అవడవత్ ముచ్చట మీకు తప్పు చెప్పిన. దానికి అన్యాలం అయిందంటి. గట్ల గాదు. ఏ పేరు లేకుంట పోయేటియి గూడ ఉంటయి. దానికి ఒక ఊరన్న దొరికింది."

"పిట్ట గురించి ఇప్పుడెందుకు సార్?" అన్నాను.

విసురుతున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది. "పిట్ట గురించి గాదు బిడ్డా" అంది. "మా పిల్ల గురించి."

వాళ్లకు పిల్ల ఉండేదని నాకప్పటిదాకా తెలియదు. గోడకు గోడ ఉండీ తెలియదు. పెళ్లయిన కొత్తలో, ఈ ఖోలీలోనే పుట్టిందట. తొట్టెలలో వేసి పేరు పెట్టే రోజు రాకముందే పోయింది. మాలో చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. ఊరికి తీసుకుపోయేంత పెద్ద ప్రాణం కాదని, సారే గుడ్డలో చుట్టి ఎత్తుకుని పూర్ణ వైపు తుంగలో, అప్పట్లో మావాళ్లు పసిపిల్లలను పూడ్చేచోట పూడ్చివచ్చారు. ఏడవడానికి కూడా పేరు లేదు. అందరూ బిడ్డలను పేరు పెట్టి పిలిచి ఏడుస్తారు, పెద్దమ్మ ఏమని ఏడవాలి? ఆ పిల్లకు ఉన్నదల్లా ఊరు. అది భీమండి.

ఆ రాళ్లకుప్ప ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఆ తుంగను ఎప్పుడో మట్టి పోసి పూడ్చి గోదాములు కట్టారు. మా గోదాము కిందనో, పక్క గోదాము కిందనో ఆ పిల్ల ఉంది. చెప్పకపోతేనే బాగుండేది అనిపించింది. ఆ మర్నాడు పనిలో నేల మీద అడుగు వేయడానికి నాకు మనసొప్పలేదు.

"నన్ను ఊరికి పంపకున్రి" అన్నారు సారు ఆ రోజే. "ఈడ్నే కాల్చున్రి. బూడిద ఆ దిక్కు పొయ్యిన్రి. గోదాము గోడ కాడనన్న సరే." పెద్దమ్మ సరేనంది. నేనూ సరేనన్నాను. కరెంటొచ్చింది.

ఇప్పుడు ఆ రోజుకు వస్తాను.

నేను గల్లీలోకి వచ్చేసరికి అంబులెన్స్ ఇంటి ముందు ఉంది. సారును అప్పటికే తెల్లగుడ్డలో చుట్టి కట్టేశారు. ఆయన ఏ క్షణాన పోయారో పెద్దమ్మకు తెలియదట. సాంచెల మోతలో ఊపిరి ఆగిన చప్పుడు ఎవరికి తెలుస్తుంది? చాయ్ పట్టుకుని వచ్చి పిలిస్తే పలకలేదు, అంతే. మా గల్లీ మీద మరక వేయడం నాకిష్టం లేదు. భివండీలో మనవాళ్లెవరు పోయినా ఊరికి చేర్చడం మా గల్లీ పరువు. ఇంటింటికీ తిరిగి తలా కొంత వేసుకుని, బండి మాట్లాడి, ఇద్దరు మగవాళ్లు తోడుపోయి అప్పగించి వస్తారు. ఇందులో ఎవరినీ అడిగే పని లేదు. దాహమేస్తే నీళ్లివ్వడానికి ఎవరైనా అడుగుతారా? సారు మీద ఉన్న ప్రేమకొద్దీ ఆ రోజు ఇంకా తొందరగా చేశారు. ప్రేమతోనే కొంప ముంచారు.

నేను మా గల్లీ సంఘం పెద్దమనిషి ముందుకుపోయి నిలబడ్డాను. "పెద్దమ్మను అడిగిన్రా?"

"ఏమడిగేదుంటది బిడ్డా? మనిషిని ఊరికి తోలుడు గూడ అడిగి చేస్తరా?"

"సారు ఈడ్నే కాల్చుమన్నరు. నాతోని అన్నరు. పెద్దమ్మ ముంగట అన్నరు."

"పానం బాగలేనప్పుడు మనిషి లచ్చ అంటడు. ఆడ ఊళ్లె సారు వాళ్ల అన్న కట్టెలు దెప్పిచ్చి కూసున్నడు. ఈడ కాలిస్తే రేపు మనల ఏమంటరు? భీమండోల్లు మా తమ్ముని దిక్కులేనోని లెక్క కాల్చిన్రని అనరా?"

"అంటె అననియ్యున్రి! పోయింది మీరా, సారా?"

"సదువుకున్న పిల్లవు. లొల్లి చెయ్యకు. ఆమెనే అననియ్, ఆపుత."

పెద్దమ్మ అంది. నేను చెవులారా విన్నాను. శవం తలవైపు కూర్చుని, "ఈడ్నే ఉండనియ్యున్రి" అంది. మా చాల్ కింది కార్ఖానా ఆపారు గానీ వీధి పొడవునా తక్కినవన్నీ నడుస్తున్నాయి. ఆ మోతలో ఆ మాట ఆమె కొంగు దాటి రాలేదు. దగ్గరున్న ఆడవాళ్లు వినీ, దుఃఖంలో ఏదో అంటోందని వీపు నిమిరారు. నేను మళ్లీ అరిచాను. మా అవ్వ నా రెక్క పట్టుకుని పక్కకు లాగింది. ఆ పెద్దమనిషిని నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. రాసినా అచ్చు వేయరు. నా అరుపులు నాకే మిగిలాయి, బండి కదిలింది. పెద్దమ్మను ఒంటరిగా పంపలేక నేనూ ఎక్కాను.

ఆ ప్రయాణం గురించి రాయను.

సారు అన్న చెడ్డవాడని చెప్పగలిగితే నాకు సుఖంగా ఉండేది. చెడ్డవాడు కాదు. తమ్ముణ్ని చూసి నేల మీద పడి పొర్లాడు. తన పొలం గట్టునే మంచి కట్టెలతో కాల్చాడు. పెద్దమ్మతో, "ఇగ ఈడ్నే ఉండమ్మా. ఒక్కదానివి ఆ ఖోలీల ఏంజేస్తవ్? ఓ అర్ర నీకే ఇస్తం. ఇంటి ఆడదాన్ని పరాయి జాగల ఇడిసిపెడితే మాకు మర్యాదనా?" అన్నాడు. ఆయన భార్య ఆ అర్ర ఊడ్చి, నులకమంచం కూడా వేయించింది. పెద్దమ్మ ఆ మంచం మీద కూర్చుని గోడ వంక చూస్తూ ఉంది. ఇక ఈమె కదలదు, ఈమెను ఇక్కడే ఉంచేస్తారు అనుకున్నాను.

మూడోనాడు పిట్టకు పెట్టారు. తెలియనివాళ్ల కోసం చెప్తాను. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, కాల్చినచోట విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. పిట్ట వచ్చి ముట్టాలి. పిట్టంటే ఇక్కడ కాకి. అది ముట్టేదాకా ఎవరూ నోట్లో ముద్ద పెట్టరు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో మనసులో మిగిలిందని లెక్క. అప్పుడు దగ్గరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు ముందుకుపోయి, ఆ మిగిలినదేదో ఊహించి, తీరుస్తామని పైకి మాటిస్తారు.

విస్తరిలో అన్నం, మటన్, గారెలు, పక్కన కల్లు సీసా, బీడికట్ట పెట్టారు. సారు జన్మలో బీడి ముట్టలేదు, కల్లు వాసన కూడా పడదు. ఎప్పుడో ఊరు విడిచిన తమ్ముడికి ఏం ఇష్టమో పాపం ఆ అన్నకు ఎట్లా తెలుస్తుంది? తన ఈడు మగవాళ్లకు ఏవి ఇష్టమో అవే పెట్టాడు. కాకులు కరెంటు తీగ మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ పెరిగింది. ముసలివాళ్లు కూలబడ్డారు.

సారు అన్న ముందుకుపోయి చేతులు జోడించాడు. "తమ్మీ, భూమిల నీ పాలు నీ పెండ్లానికి రాసిస్త. ముట్టు." కాకులు కదలలేదు. "పెద్దకర్మ ఊరంత చెప్పుకునేటట్టు చేస్త. ముట్టు తమ్మీ." ఏమీ లేదు. చివరికి ఏడుస్తూ, "నీ పెండ్లాన్ని పానంలెక్క చూసుకుంట. భీమండి మొకం మళ్ల చూడనియ్య" అన్నాడు. దిగుదామా అన్నట్టు రెక్కలు విప్పిన ఒక కాకి మళ్లీ తీగ మీద సర్దుకుంది. దానికి నేను అర్థాలు తీయను. ఎండకు అయ్యుండొచ్చు.

ఇక నాకు ఆగలేదు. "పెద్దమ్మా! నోరు తెరువు! ఇప్పుడన్న చెప్పు!" అన్నాను.

పెద్దమ్మ లేచి విస్తరి దగ్గరికి నడిచింది. అక్కడ సాంచెలు లేవు. గాలి కూడా లేదు. అయినా ఆమె భివండీలో ఈ వీధి నుంచి ఆ వీధికి పిలిచేంత గొంతు తీసింది. ఆమెకు అంత గొంతుందని నాకే తెలియదు.

"నేనీడ ఉండ! నేను భీమండి పోత! నిన్ను గూడ తోల్కపోత, మన పిల్ల కాడికే తోల్కపోత! ఇన్నవా?"

ఆ అరుపుకు తీగ మీది కాకులన్నీ ఒక్కసారే లేచి చెరువు వైపు ఎగిరిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. జనం అయ్యయ్యో అన్నారు. ఒక ముసలాయన తల కొట్టుకున్నాడు. పిట్ట ముట్టలేదు, ఉన్న పిట్టలు కూడా పోయాయి, ఇక ఈ ఇంటికి శాంతి ఏమిటి, ఈ మనిషికి గతి ఏమిటి అని గుసగుసలు మొదలయ్యాయి. పెద్దమ్మ తీగ వంక చూసింది. ఖాళీ ఆకాశం వంక చూసింది. తర్వాత విస్తరి ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

కూర్చుని అన్నం కలిపింది.

మొదటి ముద్ద ఎత్తగానే ఆమె తోటికోడలు "చెల్లే..." అని ముందుకు రాబోయింది. సారు అన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఎందుకు ఆపాడో ఆయనకే తెలియాలి. మొగుడు పోయి మూడు రోజులైన మనిషి, పిట్టకు పెట్టిన కూడు, మాంసంతో సహా, ఊరి జనం ముందు, ఎండలో కూర్చుని తింది. ఆబగా తినలేదు. ఏడుస్తూ తినలేదు. పనికి పోయేముందు తిన్నట్టు తింది. కల్లు సీసా, బీడికట్ట మాత్రం పక్కకు జరిపేసింది.  నా జీవితంలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. ఏడుపు తన్నుకొస్తోంది, ఏడిస్తే ఆమె ఆగిపోతుందేమోనని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అంతా అయ్యాక విస్తరి మడిచింది. చెంబులో పెట్టిన నీళ్లతో చెయ్యి కడుక్కుంది. మా అందరి వైపూ తిరిగి, మామూలు గొంతుతో, "ముట్టింది" అంది. "ఇగ మీరు గూడ తినున్రి."

 ముందు పలికింది తోటికోడలే. "ముట్టింది" అంది మెల్లగా. ఆ పక్కన ఇంకో ఆడమనిషి, "ఔ, ముట్టింది" అంది. సారు అన్న నిలబడినచోటే కూలబడి, మొహం తుడుచుకుని, "ముట్టింది" అన్నాడు.

పొద్దున్నే ఏరిన ఎముకలూ బూడిదా ఒక మట్టిముంతలో పోసి, గుడ్డ కట్టి, గోదావరిలో కలపడానికి ఆయన దగ్గర పెట్టుకున్నాడు. పెద్దమ్మ పోయి ఆయన ముందు చెయ్యి చాపింది. "బావా, ఇటియ్యి" అంది. ఆయన ఆమె వంక చూశాడు. "పిల్ల ఉండెనా మీకు?" అని అడిగాడు. ఆమె తలూపింది. ఆయన ఇంకేమీ అడగకుండా ముంత రెండు చేతులతో ఎత్తి ఇచ్చాడు.

భివండీ బస్సు ఆ ఊరి బయట రోడ్డు మీద ఆగుతుంది. అక్కడిదాకా పొలాల మధ్య నడవాలి. ముంత నేను పట్టుకుంటానంటే పెద్దమ్మ ఇవ్వలేదు. సంకన ఎత్తుకుని, ఒక చెయ్యి దాని చుట్టూ వేసి, నా ముందు నడిచింది. ఎండకు తగలకుండా దాని మీదికి కొంగు లాగింది. కొంత దూరం పోయాక ఆగి, ముంతను ఆ సంక నుంచి ఈ సంకకు మార్చుకుంది.